మీ చేతిలో తప్పేం లేదు

లోలంక సందేశాల గది, డ్యూటీ చిట్టా

1. సోమవారం

ఈ చిట్టాలో సందేశాల మార్పులు తప్ప సొంత గోడు రాయకూడదని నిబంధన. ఆ నిబంధన రాసింది నేనే కాబట్టి, దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా నాకే తెలుసు. ఇవాళ పక్కన పెడుతున్నాను.

నా పేరు త్రిమూర్తులు. సముద్రం అడుగున కాపురాలు పెట్టుకున్న ఊరు మాది. ఇళ్లను గుల్లలంటాం. ప్రతి గుల్లకీ ఒక గాలిపెట్టె, ప్రతి గాలిపెట్టెకీ ఒక పలక. ఆ పలక మీద కనిపించే ప్రతి అక్షరమూ నేను రాసిందే, నిన్నటిదాకా. వాలు మారినప్పుడల్లా, అంటే నీళ్లు ఒక దిక్కు మాని ఇంకో దిక్కుకి పారడం మొదలుపెట్టినప్పుడల్లా, ఎవరి గాలిపెట్టెను వాళ్లు కొత్తగా సర్దుకోవాలి, ఆ వారాన్ని సర్దుబాటు వారం అంటాం. అంకెలు పెట్టాలి, గొట్టాలు బిగించాలి, మూత సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి. ఎక్కడ తప్పు చేసినా పలక చెబుతుంది. "దోషం 41. ప్రవేశపెట్టిన విలువ చెల్లదు. పునఃప్రయత్నించండి." ఎంత పొందికగా ఉందో చూడండి. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు.

ఇవాళ పొద్దున్న చీఫ్ ఇంజనీరు రాజ్యలక్ష్మి గారు ఒక మనిషిని వెంటబెట్టుకుని మా గదికి వచ్చారు. పేరు మోహనరంగ. పైకీ కిందికీ తిరిగే పడవల రేవులో మైకు పట్టుకుని ప్రయాణికులకి దారి చెప్పేవాడట. ముప్పై దాటి ఉంటాయి. నున్నగా దువ్విన తల, ఎప్పుడూ నవ్వు మొహం.

"సర్దుబాటు వారం వచ్చిందంటే సగం ఊరు మీ గదికి ఫోను చేస్తోందండి," అన్నారు రాజ్యలక్ష్మి గారు. "పలక ఏం చెబుతోందో ఎవరికీ అర్థం కావట్లేదు. మోహనరంగ కొత్త మాటలు రాస్తాడు, మీరు సరిచూడండి."

అర్థం కాకపోవడం చదివేవాళ్ల తప్పు గాని పలక తప్పు ఎలా అవుతుంది? ఆ మాట అనబోయాను. ఈలోగా మోహనరంగ నడుం వంచి, "ఆయ్, మీ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుందామనే వచ్చానండి గురువుగారూ," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురు తిరిగే మనిషినైతే ఏదో ఒకటి అనొచ్చు. గౌరవం ఇచ్చేవాణ్ని ఏం చేస్తాం?

2. గురువారం

ఈ మహానుభావుడు గదిలో కుదురుగా కూర్చోవడం లేదు. గుల్ల గుల్లకీ తిరుగుతున్నాడు. "మీ పక్కింటావిడ గొట్టం తప్పుగా పెట్టిందనుకోండి, మీరైతే ఆవిడకి ఏమని చెబుతారండి?" అని అడుగుతున్నాడట. ఎవరింట్లో టీ ఇస్తే అక్కడ కూర్చుంటున్నాడు. దీన్ని పని అంటారా? నేను ఇరవయ్యేళ్లుగా ఈ కుర్చీలోంచి లేవకుండా రాశాను.

మా ఇంటికి కూడా వచ్చి వెళ్లాడని వేణి చెప్పింది. వేణి అంటే మా ఆవిడ వీరవేణి. ఊరి నాచు మడి ఆవిడ చేతి మీదుగా నడుస్తుంది. అక్కడ పనిచేసే ఆడపిల్లలందరికీ ఆవిడే పెద్ద దిక్కు.

"ఏం అడిగాడు?" అన్నాను.

"ఏదో అడిగాడండి. నేనూ ఏదో చెప్పాను," అంది, నాచు పచ్చడి రుబ్బుతూ.

అప్పటికే నేను చిరాకులో ఉన్నాను. డ్యూటీ కోటు మెడ దగ్గర బిగింపు ఒకటి ఉంటుంది. అది ఊడి రాదు. నాలుగుసార్లు లాగి, తిట్టి, మళ్లీ లాగాను. వేణి చేతులు కడుక్కుని వచ్చి ఊడదీసింది.

"నిదానంగా కానివ్వండి. మీ చేతిలో తప్పేం లేదు, ఆ బిగింపే కాస్త మొండిది. ముందు కాసిని మంచినీళ్లు తాగండి."

"తెలుసులే," అన్నాను. నా బుర్రంతా మోహనరంగ దగ్గరే ఉంది.

3. సోమవారం

చిట్టాలో ఎక్కించవలసిన మార్పు: దోషం 41కి, దోషం 17కి కొత్త సందేశాలు వచ్చాయి. నేను సరిచూసి సంతకం పెట్టాను. అక్షర దోషం ఒక్కటైనా దొరుకుతుందేమోనని మూడుసార్లు చదివాను. దొరకలేదు.

41కి ఇతగాడు రాసింది ఇది: "అంకె కొంచెం ఎక్కువ పడిందండి. పదికీ ఇరవైకీ మధ్యలో ఏదైనా పెట్టండి. ఇంట్లో గాలికి లోటు లేదు, నిదానంగానే కానివ్వండి."

17, అంటే నేను "సంధానం విఫలమైనది" అని రెండే మాటల్లో తేల్చేసింది, ఇప్పుడు ఇలా తయారైంది: "గొట్టం సరిగ్గా కూర్చోలేదండి. ఒకసారి బయటికి తీసి, టక్‌మని చప్పుడొచ్చేదాకా నొక్కండి. మీ చేతిలో తప్పేం లేదు, ఆ గొట్టమే కాస్త మొండిది. మళ్లీ రాకపోతే, ముందు కాసిని మంచినీళ్లు తాగి, అప్పుడు చూడండి."

గాలిపెట్టె మంచినీళ్ల సంగతి ఎందుకు మాట్లాడుతుంది? అదేమన్నా చుట్టమా? ఇంకో మాట. తప్పేం లేదని ఎలా అంటారు? గొట్టం పెట్టింది ఆ చెయ్యే, సరిగ్గా పెట్టనిది ఆ చెయ్యే. మనుషులకి తప్పు తప్పని చెప్పకపోతే ఎలా బాగుపడతారు? ఇదంతా రాజ్యలక్ష్మి గారికి చెప్పాను. ఆవిడ విని, "సంతకం పెట్టారుగా," అన్నారు.

మధ్యాహ్నం ఫోను మోగింది. మా పక్క గుల్లలో ఒంటరిగా ఉండే అచ్చియ్యమ్మ గారు.

"ఏం పాడైందండి?" అన్నాను.

"ఏం పాడవలేదు బాబూ. ఆ పెట్టె నాతో ఎంత చక్కగా మాటాడిందనుకున్నావు. ఆ రాసినబ్బాయికి చెబుదారని చేశాను. ఉన్నాడా?"

ఇన్నేళ్లలో ఈ గదికి మెచ్చుకోవడానికి ఫోను చేసిన మనిషి లేరు. మొదటి ఫోను వచ్చింది, అది అతనికి వచ్చింది. రిసీవరు అతని చేతిలో పెట్టి, గోడకేసి తిరిగి కూర్చున్నాను. అసూయ అని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. అసూయే.

4. సర్దుబాటు వారం, శనివారం

వారమంతా ఫోను మూగబోయింది. ఇంతకుముందు ఈ వారం వస్తే నాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఏడ్చేవాళ్లు, తిట్టేవాళ్లు, "విలువ అంటే ఏంటండి" అని అడిగేవాళ్లు. కసురుకుంటూనే అందరికీ జవాబు చెప్పేవాణ్ని. నేను లేకపోతే ఊరు ఊపిరి తీసుకోలేదన్న ధీమా ఒకటి ఉండేది. ఇప్పుడు బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

దుకాణం దగ్గర వరుసలో నిలబడితే అక్కడా అదే గోల. నీకు ఏమంది, నాకు ఇలా అంది అని ఒకరికొకరు పలక మాటలు చెప్పుకుంటున్నారు. ఒకావిడ మొగుణ్ని, "చూసి నేర్చుకో, పెట్టెకున్న మర్యాద నీకు లేదు," అని ఎత్తిపొడిచింది. అందరూ నవ్వారు. నేను ఉప్పు కొనకుండానే వచ్చేశాను.

ఇంటికొస్తే వేణి గాలిపెట్టె ముందు నిలబడి తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏంటే ఆ నవ్వు?"

"ఏం లేదండి. పెట్టె ఏదో అంది."

"ఏమంది?"

"ఏదో అందిలెండి. ఉప్పు తెచ్చారా?"

నా మాటకి వేణి చివరిసారి ఎప్పుడు నవ్విందో గుర్తు చేసుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. గుర్తు రాలేదు. ఇదీ ఆ మోహనరంగ తప్పే.

5. మంగళవారం

దొరికాడు.

ఏ గుల్లలో ఏ దోషం వచ్చిందో ఎప్పటికప్పుడు నా బల్ల మీది తెరకి వస్తుంది. సర్దుబాటు వారం అయిపోయాక దోషాలు తగ్గాలి. ఇవి రోజురోజుకీ పెరుగుతున్నాయి. పెట్టెలన్నీ సక్రమంగానే ఉన్నాయి. మరి ఎవరు తప్పు చేస్తున్నారు? అచ్చియ్యమ్మ గారి గుల్లకి వెళ్లి నిలదీశాను. ఆవిడ కాసేపు గొణిగి, చివరికి ఒప్పేసుకున్నారు.

"కావాలనే తప్పంకె ఏస్తన్నాను బాబూ. ఒంటిదాన్ని. నిదానంగా కానివ్వమని నాకు చెప్పేవోళ్లు ఎవరున్నారు?"

ఊరంతా ఇదే తంతు. పెట్టె పలకరింపు కోసం కావాలని తప్పులు చేస్తున్నారు. ఇందులో నవ్వులాట ఏమీ లేదు. తప్పు అంకె పడ్డప్పుడల్లా, జాగ్రత్త కోసం పెట్టె మూత దానంతటదే పడి మళ్లీ లేస్తుంది. పడ్డప్పుడల్లా మూత అంచున ఉన్న రబ్బరు పట్టీ నలుగుతుంది. ఆ పట్టీ తెగిన రోజున సముద్రం ఇంట్లోకి వస్తుంది.

గాల్లో తేలుకుంటూ రాజ్యలక్ష్మి గారి దగ్గరికి వెళ్లాను. ముద్దుమాటలు ఊరి ప్రాణం మీదికి తెచ్చాయని చెప్పాను. నా గొంతులో సంతోషం ఆవిడకి వినిపించినట్టుంది.

"మీరు చెప్పింది నిజమేనండి," అన్నారు. "కానీ మీ కడుపుమంట దాచుకుని చెప్పి ఉంటే ఇంకా బాగుండేది."

మోహనరంగ మొహం మాత్రం పాలిపోయింది. అక్కడికక్కడే కూర్చుని ప్రతి సందేశానికీ రెండు వాక్యాలు కలిపాడు. "ఊరికే తప్పు అంకె వెయ్యకండి, పట్టీ అరిగిపోతుంది. కబుర్లాడాలనిపిస్తే మా గదికి ఫోను చెయ్యండి, మేం ఉన్నాం." అందరికీ కొత్త పట్టీలు పైనుంచి తెప్పించమని కూడా అడిగాడు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"గురువుగారూ, పట్టీ తెగితే వచ్చేది మీ దోషం ఎనభై ఎనిమిది కదండీ. అది కూడా మార్చేద్దామండి. అప్పుడు మనిషి కంగారులో ఉంటారు కదా."

"ప్రమాదం దగ్గర నీ మురిపాలు పనికిరావు. ఎనభై ఎనిమిది నాది. దాని జోలికి రాకు."

రాజ్యలక్ష్మి గారు ఇద్దరినీ చూసి, వచ్చే వాలు దాకా 88 నా దగ్గరే ఉండనిమ్మన్నారు. మిగతావన్నీ ఒక్కొక్కటిగా అతని చేతికి పోయాయి, మొత్తం పలకలో నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని కాపాడుకున్నాను.

6. ఆదివారం

ఊరు మానేసింది. అచ్చియ్యమ్మ గారు ఇప్పుడు తప్పంకె వెయ్యడం లేదు, రోజూ మధ్యాహ్నం ఫోను చేసి మోహనరంగతో కూరల సంగతి మాట్లాడుతున్నారు. తెర మీద దోషాలన్నీ తగ్గిపోయాయి, ఒక్క గుల్లలో తప్ప. ఆ గుల్ల మాదే.

రెండుసార్లు చూశాను. నేను డ్యూటీకి వెళ్లాక దాదాపు రోజూ దోషం 41, లేకపోతే 17. ఇరవయ్యేళ్లుగా గాలిపెట్టె సర్దుతున్న మనిషికి గొట్టం పెట్టడం రాదా?

ఇంటికెళ్లి అడిగాను.

"తప్పు పడిందండి," అంది.

"రోజూనా?"

వేణి నాచు కాడలు తుంచుతూ కూర్చుంది.

"ఆ మోహనరంగ మాటలంటే అంత ఇష్టమా నీకు?"

అప్పుడు తల ఎత్తింది. చాలాసేపు నా మొహంలోకి చూసింది, అక్కడ ఏదో వెతుక్కుంటున్నట్టు. "ఆ మాటలంటే ఇష్టమేనండి," అంది.

చాప తీసుకుని అవతలి గదిలోకి పోయాను. ఇరవయ్యేళ్ల కాపురంలో నన్ను ఒక పడవల రేవు మనిషి ఓడించాడు. అదీ నాకు ఎదురు నిలబడకుండా, గోడకున్న పలక మీద నాలుగు అక్షరాలతో.

7. గురువారం

కొత్త పట్టీలు పడవలో వచ్చాయి. ఊరంతా మార్చుకుంటున్నారు. మా ఇంటి పట్టీ నా సంచీలో ఉంది.

పొద్దున్న వేణి గుమ్మం దగ్గరికి వచ్చి, "ఏమండీ, మన పట్టీ బాగా నలిగిపోయిందండి. ఇవాళ మార్చి వెళ్లండి," అంది. నాలుగు రోజుల తర్వాత మా మధ్య మొదటి మాట.

"నీ మోహనరంగని పిలిపించుకో," అని వచ్చేశాను.

ఈ వాక్యం చిట్టాలో ఉండాలి. అందుకే రాస్తున్నాను.

8. శుక్రవారం

నిన్న మధ్యాహ్నం జరిగింది ఇవాళ రాస్తున్నాను.

వాలు అనుకున్నదానికంటే ముందే తిరిగింది. వాలు తిరిగే వేళ గుల్లల మధ్య తలుపులు వాటంతటవే బిగుసుకుంటాయి, నీళ్లు నెమ్మదించేదాకా ఎవరూ ఎక్కడికీ కదలలేరు. గదిలో నేనూ మోహనరంగా ఉన్నాం. ఫోను మోగింది. నేనే తీశాను.

"ఏమండీ," అంది వేణి. "పలక మీద ఏదో వచ్చిందండి. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది."

"ఏం వచ్చింది? చదువు."

ఆవిడ చదివింది. "దోషం ఎనభై ఎనిమిది. ద్వితీయ అవరోధము అనుమతించబడని స్థితిలో ఉన్నది. నిర్వాహకుని సంప్రదించండి." కాస్త ఆగింది. "నిర్వాహకుడంటే ఎవరండి?"

నేనే.

ఆ వాక్యం రాసిన రోజు నాకు బాగా గుర్తు. ఎంత బిగువుగా వచ్చిందని మురిసిపోయి, చాయ్ తెప్పించుకుని తాగాను. ఇప్పుడు భయపడుతున్న మనిషి గొంతులో అది వింటుంటే, రాసిన నాకే ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ద్వితీయ అవరోధాన్ని సరైన స్థితిలోకి తీసుకురా," అన్నాను.

"అంటే ఏం చెయ్యాలండి?"

"రాసి ఉంది కదే అక్కడ."

"ఎక్కడండి? కాళ్ల దగ్గరికి నీళ్లొచ్చేశాయి."

నా నోరు ఎండిపోయింది. పట్టీ తెగింది, మూత పడటం లేదు, రెండో మూత దించాలి. నాకంతా తెలుసు. కానీ నోట్లోంచి అవరోధం, స్థితి, విలువ అనే మాటలు తప్ప ఇంకోటి రావడం లేదు. ఇన్నేళ్లూ అవే రాశాను, ఇంట్లోనూ అవే మాట్లాడాను. రిసీవరు మోహనరంగ చేతిలో కుక్కాను.

"నువ్వు చెప్పు. నీ మాటలైతే దానికి ఇష్టం. నీ మాటైతే వింటుంది."

అతను రిసీవరు తీసుకోలేదు. నా చేతిని మళ్లీ నా చెవి దగ్గరికే నెట్టాడు.

"అవి నా మాటలు కావండి. వేణమ్మగారివి."

నేను అతని వైపు తిరిగాను.

"ఊరంతా అడిగానండి. ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెప్పారు. ఆవిడ మాత్రం కూర్చోబెట్టి మొత్తం చెప్పారు. నిదానంగా కానివ్వమని, చేతిలో తప్పేం లేదని, మంచినీళ్లు తాగమని. మా ఆయనకి రోజూ ఇలాగే చెబుతానండి అన్నారు. తన పేరు బయటపెట్టొద్దన్నారు, మీరు చిన్నబుచ్చుకుంటారని. చెప్పండి గురువుగారూ. ఆ మాటలు మీకంటే ఎక్కువగా విన్నవాళ్లు ఎవరున్నారు?"

మెడ దగ్గర బిగింపు గుర్తొచ్చింది. ప్రతి సాయంత్రం ఊడదీసే చేతులు గుర్తొచ్చాయి. రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాను.

"వేణీ."

"ఆ."

"ఇంట్లో గాలికి లోటు లేదు. నిదానంగా కానివ్వు. పెట్టెకి కుడిపక్కన, నీ మోచేతి ఎత్తున, ఎర్ర పిడి ఉంటుంది. కనిపించిందా?"

"కనిపించింది."

"పట్టుకుని కిందికి లాగు."

లాగుతున్న చప్పుడు వినిపించింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత ఏడుపు వినిపించింది. "రావట్లేదండి. నా వల్ల కాదు."

"నీ చేతిలో తప్పేం లేదు. ఆ పిడే మొండిది. దాన్ని ముందు కాస్త పైకి ఎత్తాలి, అప్పుడు దిగుతుంది. ఆ సంగతి నేను ఎక్కడా రాయలేదు. తప్పు నాది. ఇప్పుడు పైకి ఎత్తు."

అవతల ఏమీ వినిపించలేదు. మోహనరంగ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"టక్‌మందండి," అంది వేణి.

"నీళ్లు?"

"ఆగాయి. ఆగినట్టే ఉన్నాయి. ఆ, ఆగిపోయాయి."

నేను కుర్చీలో కూలబడ్డాను. "సరే. ఇప్పుడు ముందు కాసిని మంచినీళ్లు తాగు," అన్నాను.

ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. తర్వాత అంది, "మీరు తాగండి ముందు. మీ గొంతే ఆరిపోయింది."

9. అదే శుక్రవారం, సాయంత్రం

తలుపులు తెరుచుకోగానే నిన్న ఇంటికి పరిగెత్తాను. ఇద్దరం కలిసి నీళ్లు తోడి పోశాం. చాప తడిసి ముద్దయింది. కొత్త పట్టీ నేనే వేశాను. వేస్తూ అడిగాను, తప్పంకెలు ఎందుకు వేసేదానివని.

"మడి దగ్గర పిల్లలకి నేనే చెప్పాలి. మీకూ నేనే చెప్పాలి," అంది, గుడ్డ పిండుతూ. "నా మాటే నాకెవరైనా చెబితే ఎలా ఉంటుందా అని ఓసారి చూశానండి. బాగుంది. అందుకని మళ్లీ చూశాను."

"నన్ను అడగొచ్చు కదా?"

"ఏమని అడగనండి?"

పట్టీ బిగిస్తున్నట్టు తల దించుకున్నాను.

10. వచ్చే వాలుకి ముందు, బుధవారం

చిట్టాలో ఎక్కించవలసిన మార్పు: దోషం 88. రాసింది త్రిమూర్తులు. సరిచూసింది మోహనరంగ.

"పట్టీ తెగిందండి. మీరు తెంచలేదు. పెట్టెకి కుడిపక్కన మోచేతి ఎత్తున ఎర్ర పిడి ఉంది. ముందు కాస్త పైకెత్తి, తర్వాత కిందికి లాగండి. టక్‌మంటే నీళ్లు ఆగుతాయి. ఆగినా ఆగకపోయినా ఫోను చెయ్యండి, నేనిక్కడే ఉన్నాను."

"గురువుగారూ, చివర నేను అన్నారు. పెట్టె మాటల్లో ఆ నేను ఎవరండీ?" అన్నాడు మోహనరంగ.

"నిర్వాహకుడు."

అతను సంతకం పెట్టాడు. అక్షర దోషం దొరికిందని ఒక దీర్ఘం సరిచేశాడు కూడా. దానికి నాకు ఇంకా కోపంగానే ఉంది.

11. సర్దుబాటు వారం, సోమవారం

ఇప్పుడు అతని మీద నాకు అసూయ లేదు. ఊరి మీద ఉంది. ఏ గుల్లలోకి వెళ్లినా పలక మీద మా ఆవిడ మాటలే. ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ నిదానంగా కానివ్వమని, నీ తప్పేం లేదని చెబుతోంది. ఇరవయ్యేళ్లు ఆ మాటలన్నీ నా ఒక్కడివే. ఒక్కటీ చెవిన పెట్టకుండా, తెలుసులే తెలుసులే అంటూ పారేసుకున్నాను. ఊరు ఏరుకుంది. దుకాణం వరుసలో ఎవరైనా ఆ మాటలు చెప్పుకుని నవ్వితే, అవి మావి అని అరవాలనిపిస్తుంది.

ఇవాళ పొద్దున్న మా పెట్టె వేణి సర్దింది. నేను పక్కన దీపం పట్టుకుని నిలబడ్డాను. అంకె పెట్టేటప్పుడు చెయ్యి జారి ఎక్కువ పడింది. నిజంగానే జారింది, నేను చూశాను. మూత దడాలున పడి లేచింది. పలక వెలిగి, మొదటి అక్షరాలు పడటం మొదలైంది.

దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టేశాను.

"అంకె కొంచెం ఎక్కువ పడింది," అన్నాను. "పదికీ ఇరవైకీ మధ్యలో పెట్టు. నీ చేతిలో తప్పేం లేదు."

వేణి పెట్టె వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ చూపు చూసి ఎంత కాలమైందో.

"చెయ్యి తియ్యండి," అంది. "పలక ఏం చెబుతోందో కనపడట్లేదు."

తియ్యలేదు.